ఫొటో చెప్పినంత వరకే పేరు: సిర్ఫిడ్ ఈగలపై పాఠకుల ప్రశ్నలు

పూల దగ్గర గాలిలో కదలకుండా నిలబడి ఎగిరే సిర్ఫిడ్ ఈగల గురించి, అంటే చాలామంది హోవర్‌ఫ్లై అని పిలిచే వాటి గురించి, ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక ఫొటోనూ, దీని పేరేమిటన్న ప్రశ్ననూ జతచేసి పంపినవే. ప్రపంచం మొత్తం మీద ఆరు వేలకు పైగా జాతులున్న కుటుంబం ఇది. ఒక్కో ఫొటోకు విడివిడిగా పేరు చెప్పుకుంటూ పోవడం కంటే, ఏ ఫొటోను బట్టి ఎంతవరకు పేరు చెప్పవచ్చో పాఠకులే తేల్చుకునేందుకు వీలుగా జవాబివ్వడం మేలనిపించి, అందుకు పనికొచ్చే ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: పసుపు, నలుపు చారలున్న ఒక కీటకాన్ని పూల మీద ఫొటో తీశాను. ఇంట్లో అందరూ కందిరీగ అంటున్నారు. నాకు మాత్రం సిర్ఫిడ్ ఈగ అనిపిస్తోంది. ఫొటో చూసి ఖాయంగా తేల్చుకోవచ్చా?

జవాబు: చాలావరకు తేల్చుకోవచ్చు. కాకపోతే ముందుగా చారలను పక్కన పెట్టాలి. కుట్టే కీటకాల జోలికి రాని పక్షుల వంటి వేటగాళ్లను మభ్యపెట్టడానికి ఈ ఈగలు వేసుకున్న వేషమే ఆ చారలు కాబట్టి, వాటిని ఆధారంగా తీసుకుంటే మనమూ మోసపోతాం.

కందిరీగలకు, తేనెటీగలకు రెండు జతల రెక్కలుంటాయి. ఈగలకు ఒకే జత ఉంటుంది, రెండో జత ఉండవలసిన చోట హాల్టీర్లనే చిన్న గుబ్బలుంటాయి. పుస్తకాలన్నీ చెప్పే తేడా ఇదే అయినా ఫొటోలో ఇది అంతగా అక్కరకు రాదు. ఎందుకంటే తేనెటీగ ముందు రెక్క, వెనక రెక్క సన్నని కొక్కేలతో ఒకదానికొకటి తగులుకుని ఒకే రెక్కలా కనిపిస్తాయి. అంతకంటే స్పర్శశృంగాలను, అంటే తల మీది మీసాల్లాంటి వాటిని చూడటం నయం. కందిరీగకు అవి పొడవుగా, చాలా ముక్కలతో, స్పష్టంగా ముందుకు చాచి ఉంటాయి. సిర్ఫిడ్ ఈగకు సాధారణంగా మూడు పొట్టి ముక్కలు, మూడోదాని మీద ఒక సన్నని వెంట్రుక మాత్రమే ఉంటాయి. క్రైసోటాక్సమ్, సెరియానా వంటి కొన్ని ప్రజాతుల (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఈగలు స్పర్శశృంగాల విషయంలో కూడా కందిరీగను అనుకరిస్తాయి గనుక, అప్పుడు కళ్లు చూడాలి. ఈగ కళ్లు తలలో అధిక భాగాన్ని ఆక్రమించి గుండ్రంగా ఉబికి ఉంటాయి, గూళ్లు కట్టే కందిరీగల కళ్లకు లోపలి అంచున ఒక నొక్కు ఉంటుంది.

ఈగ అని తేలాక, అది సిర్ఫిడ్ ఈగేనా అన్నది వేరే ప్రశ్న. గాలిలో నిలబడి ఎగరడం ఒక్కటే చాలదు. వేరే కుటుంబానికి చెందిన బాంబిలిడ్ ఈగలూ అలా నిలబడతాయి, కొన్ని జోరీగలూ నిలబడతాయి. ఖాయమైన గుర్తు రెక్కలోనే ఉంది. రెక్క బయటి అంచుకు కాస్త లోపలగా, అంచుతో దాదాపు సమాంతరంగా సాగే ఈనెలు కనిపిస్తాయి. చూడగానే రెక్కకు రెండో అంచు ఉన్నట్లు తోస్తుంది. దానితో పాటు, రెక్క మధ్యలో ఏ ఈనెతోనూ సరిగా కలవకుండా, మొదలూ చివరా లేకుండా సాగే ఒక మడతలాంటి గీత ఉంటుంది. ఈ ఉత్తుత్తి ఈనె దాదాపు అన్ని సిర్ఫిడ్ ఈగల్లోనూ ఉంటుంది, ఇతర ఈగల్లో ఇలాంటిది అరుదు. మీ ఫొటోను పెద్దది చేసి రెక్క మధ్యభాగం వెతకండి. ఆ గీత కనబడితే ఇంట్లో వాళ్లతో వాదన ముగిసినట్లే.

ప్రశ్న: ఫోన్‌లోని ఆప్ నా ఫొటోకు సిర్ఫస్ రిబిసీ అని పేరు చూపించింది. అదే ఫొటో చూసిన, కీటకాల గురించి బాగా తెలిసిన ఒకాయన మాత్రం "సిర్ఫస్ ప్రజాతి, అంతకు మించి చెప్పలేను" అన్నారు. ఆప్‌కు తెలిసినది ఆయనకు తెలియదనుకోవాలా?

జవాబు: ఫొటోను మాకూ పంపారు కాబట్టి ధైర్యంగా చెప్పగలం: ఆయన చెప్పిందే సరైన జవాబు. పైనుంచి తీసిన మీ ఫొటోలో ఉదరం మీది పసుపు పట్టీలు ఎంతో అందంగా వచ్చాయి. చిక్కేమిటంటే, ఈ ప్రజాతిలో తరచుగా కనిపించే రిబిసీ, విట్రిపెన్నిస్, టోర్వస్ అనే మూడింటికీ ఆ పట్టీలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

వాటి మధ్య తేడాలు వేరే చోట్ల ఉన్నాయి. టోర్వస్ కళ్ల మీద సన్నని వెంట్రుకలుంటాయి. మగదానికి దట్టంగా ఉండే ఆ వెంట్రుకలు ఆడదానికి పలచగా ఉండి, వెలుతురు పక్కనుంచి పడినప్పుడు తప్ప ఫొటోలో తేలవు. మిగిలిన రెండింటిలో ఆడ ఈగలైతే వెనక కాలి తొడను చూడాలి. రిబిసీ ఆడదానికి ఆ తొడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపుగా ఉంటుంది. విట్రిపెన్నిస్ ఆడదానికి మొదలు నుంచి చాలా దూరం నల్లగా ఉండి, మోకాలి దగ్గర మాత్రమే పసుపు రంగులోకి మారుతుంది. కాబట్టి పక్కనుంచి తీసిన ఫొటోలో వెనక తొడ శుభ్రంగా కనిపిస్తే, ఈ రెండింటి విషయంలో ఆడ ఈగకు పేరు పెట్టే వీలుంది. మగ ఈగల దగ్గరకు వచ్చేసరికి ఆ దారీ మూసుకుపోతుంది, ఎందుకంటే రెండు జాతుల మగవాటికీ తొడ మొదలు నల్లగానే ఉంటుంది. అప్పుడు మిగిలే ఆధారం రెక్క మొదట్లో ఈనెల మధ్య ఉండే ఒక చిన్న గడి. దాని ఉపరితలం మీద ధూళికంటే సన్నగా ఉండే నూగు రిబిసీకి గడి అంతా పరుచుకుని ఉంటుంది, విట్రిపెన్నిస్‌కు కొంత భాగం బోడిగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద తప్ప అది తెలియదు. మీరు పంపిన ఫొటోలో కళ్లు నడినెత్తిన కలుసుకున్నాయి కాబట్టి ఆ ఈగ మగది. తొడ కనిపించినా ఉపయోగం ఉండేది కాదు.

మరి ఆప్ ఎలా చెప్పింది? పేర్లు పెట్టి ఉన్న వేల ఫొటోలను పోల్చి నేర్చుకున్న ఆప్, తనకు తెలిసిన పేర్లలో మీ ఫొటోకు అన్నిటికంటే దగ్గరగా తోచినదాన్ని చూపిస్తుంది. ఆ పేరుకు కావలసిన ఆధారం ఫొటోలో ఉందా లేదా అన్నది అది విడిగా పరీక్షించదు. నేర్చుకున్న ఫొటోలకు మనుషులే అంచనాగా పేర్లు పెట్టి ఉంటే, ఆ అంచనానే ధీమాగా తిరిగి అప్పజెబుతుంది. పేరు పక్కన కనిపించే శాతం కూడా తనకు తెలిసిన పేర్ల మధ్య పోటీలో వచ్చిన అంకె మాత్రమే. ఇలా అన్నంత మాత్రాన ఆప్‌ను పారేయమని కాదు. ప్రజాతి దాకా అది చాలాసార్లు సరిగ్గానే తీసుకెళ్తుంది. అక్కడ ఆగి, ఆ ప్రజాతిలో ఒక జాతికి మరో జాతికి తేడా ఎక్కడుందో వెతికి, ఆ భాగం మన ఫొటోలో ఉందో లేదో చూసుకోవలసిన పని మనది.

ఫొటోతో లొంగని ప్రజాతులు ఇంకా ఉన్నాయి. సన్నగా పొడవుగా ఉండే స్ఫేరోఫోరియా ఈగల్లో మగవాటిని జననాంగాల నిర్మాణం బట్టి విడదీస్తారు. ఆడవాటికి నమూనా చేతిలో ఉన్నా నిపుణులు చాలావరకు జాతి పేరు రాయరు. చిన్నవైన పారగస్ ఈగలదీ అదే కథ. నల్లగా, ఏ గుర్తూ లేనట్లు కనిపించే కైలోసియా ప్రజాతిలో వందల జాతులున్నాయి. ఇటువంటి చోట "స్ఫేరోఫోరియా ప్రజాతి, ఆడది" అని రాసుకున్న నమోదు, తప్పుడు జాతి పేరుతో ఉన్న నమోదు కంటే ఎంతో విలువైనది. మొదటిది అసంపూర్ణమైనా నిజం. రెండోది ఆ జాతి ఎక్కడెక్కడ బతుకుతోందో చూపే పటంలో లేని చుక్కను పెడుతుంది, ఆ చుక్కను తర్వాత చెరపడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: గుర్తింపు కోసమే ఫొటో తీయాలంటే ఏ వైపు నుంచి, ఎన్ని తీయాలి?

జవాబు: ఒకే అద్భుతమైన ఫొటో కంటే ఒకే ఈగకు నాలుగైదు మామూలు ఫొటోలు మేలు. ముందుగా దొరికినట్టుగా ఒకటి తీసేయండి, ఎందుకంటే రెండో అవకాశం ఇస్తుందన్న నమ్మకం లేదు. ఆ తర్వాత సరిగ్గా నడినెత్తి మీదుగా ఒకటి కావాలి. ఉదరం మీది మచ్చలు, పట్టీలు, అవి అంచును తాకాయా లేక అంచుకు ముందే ఆగాయా అన్నది ఇందులో తెలియాలి. ఉదాహరణకు యూపియోడిస్ ప్రజాతిలో కొరోలీకి ఉదరం మీది పసుపు మచ్చలు పక్క అంచును తాకుతాయి, లూనిజర్‌కు అంచు చేరకముందే ఆగిపోతాయి. కెమెరా కొంచెం వాలినా ఆ అంచు దాక్కుంటుంది.

చాలామంది వదిలేసేది పక్క చూపు. అసలు సంగతులు ఎక్కువగా అక్కడే ఉంటాయి: కాళ్ల రంగు, తొడ మందం, ముఖం ముందుకు ఎంత పొడుచుకొచ్చింది, రొమ్ము పక్కభాగంలో పసుపు ఉందా లేదా. మెడకు ఇరుపక్కల భుజాల్లా ఉండే రెండు చిన్న గుబ్బలు కూడా పక్కనుంచే కనిపిస్తాయి. వాటి మీద వెంట్రుకలున్నాయా లేక అవి బోడిగా ఉండి తల వెనక సగం దాగాయా అన్నది చూస్తే, సిర్ఫినే ఉపకుటుంబాన్ని ఎరిస్టాలినే ఉపకుటుంబం నుంచి విడదీయవచ్చు. పరిచయం లేని ఈగ ఎదురైనప్పుడు ఇంత తక్కువ శ్రమతో ఇంత దూరం తీసుకెళ్లే గుర్తు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ముఖాన్ని ఎదురుగా తీయండి. ముఖం మధ్యలో నల్లని నిలువు గీత ఉందా, ముఖం మొత్తం పసుపేనా అన్నది చాలా ప్రజాతుల్లో నిర్ణాయకం. హెలోఫిలస్ పెండ్యులస్‌కు ముఖం మీద ఆ గీత నల్లగా ఉంటుంది, దాని దగ్గరి చుట్టం హెలోఫిలస్ ట్రైవిటాటస్‌కు అది నల్లగా ఉండదు. రెక్క విప్పి ఉన్నప్పుడు ఈనెలు పడేలా ఒకటి తీయగలిగితే ఇక అడగవలసింది ఉండదు. రెక్క పైఅంచు నుంచి మూడో పొడవాటి ఈనె కిందికి లోతుగా వంగి ఉంటే వెతకవలసిన ప్రజాతులు ఒక్కసారిగా కొన్నింటికి తగ్గిపోతాయి. ఎరిస్టాలిస్, హెలోఫిలస్, మెరోడాన్ వంటివి ఆ గుంపులోకి వస్తాయి.

సాంకేతిక విషయాలు క్లుప్తంగా. దగ్గరగా తీసేటప్పుడు స్పష్టంగా వచ్చే లోతు చాలా తక్కువ కాబట్టి, వెలుతురు చాలినంత వరకు లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) తగ్గిస్తూ ఎఫ్8, ఎఫ్11 దాకా వెళ్లండి. ఎగురుతున్నదాన్ని పట్టాలంటే షట్టర్ తెరుచుకునే సమయాన్ని సెకనులో వెయ్యో వంతు గాని అంతకంటే తక్కువ గాని పెట్టాలి. అప్పటికీ రెక్కలు మసకగానే వస్తాయి గనుక, గుర్తింపు కోసం అది పూల మీద వాలేదాకా ఆగడమే తెలివైన పని. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, ఎండ కోసం ఆకుల మీద కూర్చున్న ఈగలు ఎక్కువసేపు కదలవు. మీ నీడ వాటి మీద పడనివ్వకండి. నేరుగా కొట్టే ఫ్లాష్ మెరిసే నలుపును బూడిద రంగుగానూ, పసుపును తెలుపుగానూ మార్చేస్తుంది, ముందు ఒక తెల్లని పలచటి కాగితం అడ్డం పెడితే ఆ బెడద తగ్గుతుంది.

ప్రశ్న: ఒకే మొక్క మీద రెండు ఈగలు దొరికాయి. పట్టీల అమరిక ఒకటే, కానీ ఒకటి నారింజ పసుపు, ఇంకొకటి దాదాపు నలుపు. ఇవి రెండు జాతులు కావూ?

జవాబు: మీరు పంపిన రెండు ఫొటోల్లోనూ ఉన్నది ఎపిసిర్ఫస్ బాల్టియాటస్. ఉదరం మూడు, నాలుగు పలకల మీద వెనక ఒక వెడల్పాటి నల్ల పట్టీ, దాని ముందు మీసంలా సన్నని మరో పట్టీ కనిపిస్తున్నాయి చూడండి. ఒక్కో పలక మీద ఇలా రెండేసి పట్టీలు ఉండటం దీని గుర్తు. అదే ప్రజాతికి చెందిన ఇతర జాతులు కూడా తిరిగే ప్రాంతాల్లో ఇంకాస్త జాగ్రత్తగా చూడవలసి ఉంటుంది.

రంగు తేడాకు కారణం వేడిమి. ప్యూపా దశ చల్లని రోజుల్లో గడిస్తే బయటికి వచ్చే ఈగలో నలుపు పెరుగుతుంది, వెచ్చని రోజుల్లో గడిస్తే పసుపు పెరుగుతుంది. ముదురు రంగు ఈగ ఎండను త్వరగా పీల్చుకుని వెచ్చబడుతుంది కాబట్టి చల్లని కాలంలో అది లాభమే. అందువల్ల వేర్వేరు కాలాల్లో ప్యూపా దశ గడిపిన ఒకే జాతి ఈగలు ఒకే మొక్క మీద వేర్వేరు రంగుల్లో కనిపించడం మామూలే. ఎరిస్టాలిస్ ప్రజాతిలోనూ ఇదే జరుగుతుంది. మెరోడాన్ ఈక్వెస్ట్రిస్, వోల్యూసెల్లా బాంబిలాన్స్ వంటి, బంబుల్ తేనెటీగలను అనుకరించే జాతుల్లోనైతే వెంట్రుకల రంగును బట్టి ఒకే జాతికి అనేక రూపాలుంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. మెరోడాన్‌ను రంగుతో కాకుండా వెనక తొడ కింది అంచున ఉండే త్రికోణపు పొడుపుతో గుర్తించాలి. క్లుప్తంగా చెప్పాలంటే ఆకారమూ అమరికా నమ్మదగినవి, రంగు అంతగా కాదు.

ఒక చిన్న హెచ్చరిక. గుర్తింపు పట్టికలు వాడేవారు ఉదర పలకలను లెక్కపెట్టడంలో తరచుగా ఒకటి తప్పుతారు. మొదటి పలక చాలా సన్నగా ఉండి, రొమ్ము వెనక అంచున ఉండే అర్ధచంద్రాకారపు పలక కింద దాగిపోతుంది. పైనుంచి మనకు మొదటగా కనిపించే పెద్ద పలక నిజానికి రెండోది.

ప్రశ్న: తేనెటీగలాగే ఉన్న ఒక ఈగ కళ్ల మీద నిలువు చారలు కనిపించాయి. ఫొటోలో వెలుతురు వల్ల వచ్చిన మెరుపా, నిజంగానే చారలా?

జవాబు: నిజంగానే చారలు. అవి రంగుతో గీసినవి కావు. ప్రతి కంటి మీద ముదురు వెంట్రుకలు రెండు నిలువు వరసల్లో దట్టంగా పెరగడం వల్ల ఏర్పడినవి. మీ ఫొటోను పూర్తిగా పెద్దది చేస్తే ఎడమ కంటి అంచున, వెనకనుంచి వచ్చే వెలుతురులో, వెంట్రుకలు కంటికి పైకి లేచి నిలబడినట్టు కనిపిస్తాయి. వెనక కాలి పిక్క భాగం కూడా లావుగా, లోపలికి వంగి ఉంది. ఈ రెండూ కలిస్తే ఎరిస్టాలిస్ టెనాక్స్. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరు పెట్టిన ఈ ఈగ ఇప్పుడు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది, కాబట్టి ఎవరి ఫొటోలోనైనా ప్రత్యక్షం కావచ్చు.

దీనికి దగ్గరి ప్రజాతి ఎరిస్టాలినస్‌లో కళ్ల మీద చుక్కలో పట్టీలో ఉంటాయి. అక్కడ అవి నిజంగా కంటి రంగులోనే ఉన్న అమరికలు, వెంట్రుకల వల్ల ఏర్పడినవి కావు. ఎరిస్టాలినస్ టీనియాప్స్‌కు నిలువు పట్టీలు ఉంటాయి గనుక తొందరపడితే టెనాక్స్‌తో కలగాపులగం కావచ్చు. చారల మధ్య కన్ను రంగు చూడండి, చారల అంచు నున్నగా ఉందా, వెంట్రుకలతో గరుకుగా ఉందా చూడండి. కళ్ల రంగు ఈగ చచ్చి ఎండిపోయాక మాసిపోతుంది. సూదికి గుచ్చి దాచిన నమూనా కంటే బతికున్నదాని ఫొటో మెరుగ్గా సాక్ష్యమిచ్చే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

కళ్లు నెత్తిన కలిస్తే మగది, విడిగా ఉంటే ఆడది అన్న సూత్రం చాలామందికి తెలిసినదే. టెనాక్స్‌కు అది వర్తిస్తుంది. హెలోఫిలస్ ప్రజాతిలో మాత్రం మగవాటి కళ్లు కూడా కలవవు కాబట్టి అక్కడ ఉదరం కొసను చూసి తేల్చుకోవాలి.

ప్రశ్న: పేనుబంక పట్టిన రెమ్మ మీద కాళ్లు లేని, చదునైన, లేత ఆకుపచ్చ పురుగును ఫొటో తీశాను. ఇది సిర్ఫిడ్ లార్వాయేనా? జాతి చెప్పగలరా?

జవాబు: సిర్ఫిడ్ లార్వాయే. ముందువైపు కోసుగా సన్నబడటం, నోట్లో పేనుబంకను ఎత్తిపట్టుకుని పీలుస్తూ ఉండటం మీ ఫొటోలో స్పష్టంగా ఉన్నాయి. జాతి చెప్పడానికి మాత్రం ఎదిగిన లార్వా వెనక కొసన ఉండే శ్వాసనాళాల జంటను బాగా దగ్గర నుంచి చూడాలి, మీ ఫొటోలో ఆ కొస ఆకు చాటున ఉంది. ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది. రెమ్మతో సహా గాలి ఆడే డబ్బాలో ఉంచి, పేనుబంక అందిస్తూ, అది నీటిబొట్టు ఆకారపు ప్యూపాగా మారి ఈగ బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు దాన్ని ఫొటో తీయండి. ఒక్కోసారి ఈగకు బదులు ఒక చిన్న కందిరీగ బయటికి రావచ్చు. డిప్లజాన్ వంటి పరాన్నజీవి కందిరీగలు ఈ లార్వాల్లోనే గుడ్లు పెడతాయి. అదీ నమోదు చేయదగినదే.

అన్ని సిర్ఫిడ్ లార్వాలూ ఇలాగే ఉంటాయనుకోకండి. ఎరిస్టాలిస్ లార్వా నిలిచిన మురుగునీటిలో పొడవైన తోకలాంటి గొట్టంతో గాలి పీలుస్తుంది. చీమల పుట్టల్లో ఉండే మైక్రోడాన్ లార్వాలైతే 19వ శతాబ్దం తొలినాళ్లలో ప్రకృతి పరిశోధకులనే బోల్తా కొట్టించాయి. వాటిని నత్తల జాతి జీవులనుకుని వర్ణించారు.

ప్రశ్న: ఫొటో మసకగా వస్తే పదునుపెట్టే ఆప్‌లో వేసి పంపవచ్చా?

జవాబు: దయచేసి వద్దు. వెలుతురు సరిచేయడం, అనవసరమైన భాగం కత్తిరించడం వరకు అభ్యంతరం లేదు. కృత్రిమ మేధతో పనిచేసే పదును ఆప్‌లు లేని వివరాన్ని ఊహించి పూరిస్తాయి. బోడి కంటి మీద వెంట్రుకలు మొలిపించగలవు, తెగిన పట్టీని కలపగలవు. ఇప్పటిదాకా చెప్పుకున్న తేడాలన్నీ సరిగ్గా అటువంటి సన్నని వివరాలే. కెమెరాలో పడిన అసలు ఫొటోను మసకగా ఉన్నా సరే అలాగే పంపండి. తీసిన తేదీ, చోటు, ఈగ ఏ మొక్క మీద వాలిందో, దాని పొడవు సుమారు ఎన్ని మిల్లీమీటర్లో జతచేయండి. అదే ఈగకు మరిన్ని ఫొటోలు ఉంటే, బాగా రాలేదని తీసేయకుండా, అవి కూడా పంపండి.